తుమ్ము దిక్కు

లండన్‌లో నేనున్న గది ఎంత చిన్నదంటే, పడుకుని ఇటు నుంచి అటు తిరగాలంటే తలుపు తీసి వరండాలోకెళ్లి, అక్కడ తిరిగి, మళ్లీ లోపలికొచ్చి పడుకోవాలి. మధ్యలో ఒక సెమిస్టర్‌కి న్యూయార్క్ పంపారు. అక్కడి గదిలో తిరగడమే మానేశాను. అలాంటి గదులకి నెలనెలా అద్దె కట్టుకుంటూ, మనుషులు విశాలంగా ఎలా బతకాలో నేర్పే ఆర్కిటెక్చర్ చదివాను. అప్పటికే నాకు ముప్పై అయిదు. మొదటిరోజు నన్ను చూసి క్లాసంతా లేచి నిలబడిందని చెప్పను గానీ, ఒకడు మాత్రం బల్ల మీంచి కాళ్లు దించాడు.

నా కష్టాలన్నీ జ్యూరీతో మొదలయ్యాయి. గీసిన బొమ్మలు గోడకి అతికించి, అవి ఎందుకలా ఉన్నాయో ఎదురుగా కుర్చీల్లో కూర్చున్న అయిదారుగురు పెద్దలకి చెప్పుకోవాలి. దాన్నే జ్యూరీ అంటారు. ఒక పేటకి లైబ్రరీ గీయమన్నారు, గీశాను. తలుపు వీధి వైపు. మెట్లు తలుపు పక్కన. పుస్తకాలకి ఎండ తగలదు, చదివేవాళ్లకి వెలుతురు తగులుతుంది, వానొస్తే నీళ్లు లోపలికి రావు. నల్ల చొక్కా తప్ప ఇంకో రంగు ఎరగని మా ప్రొఫెసర్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నాడు.

గదుల సైజు తెలియడానికి అక్కడక్కడా చిన్న చిన్న మనుషుల్ని గీసి ఉన్నాను. "రెండో అంతస్తులో, కిటికీ పక్కన. ఆ బట్టతలాయన" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన అడిగింది నా మూలాలెక్కడ, నా నేలెక్కడ, నా ఆత్మెక్కడ అనట. ఆఖరి జ్యూరీకి కూడా ఇలాంటి ఉత్త బిల్డింగే తెస్తే డిగ్రీ రాదని, సామాను సర్దుకోవచ్చని చెప్పాడు. "మీది వాస్తు పుట్టిన దేశం కదా" అని జాలి కూడా పడ్డాడు.

చిక్కల్లా ఇక్కడే. మాది మూడు తరాలుగా చర్చి కుటుంబం. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేశాడు. పర్చూరు దగ్గర మా ఇల్లు కట్టేటప్పుడు పాటించిన శాస్త్రం ఒకటే: స్థలం ఎటుంటే ఇల్లు అటు. పోనీ ఇంటికెళ్లిపోదామంటే, ఆయన రిటైర్మెంట్ డబ్బంతా పోసి నన్ను పంపాడు. పైగా ప్రతి ఆదివారం సంఘమంతా నా డిగ్రీ కోసం ప్రార్థన చేస్తోంది. అంతమంది మోకాళ్ల నొప్పులకి నేనేం జవాబు చెప్పను? ఫోన్ చేశాను.

"నాన్నా, వాస్తు గురించి ఏమన్నా తెలుసా?"

"ఏరా, అసలు చర్చికి పోతున్నావా?" అన్నాడు.

"పరీక్ష కోసం నాన్నా."

"మనకి అయ్యేం లేవురా. పాస్టర్‌గారినడుగు. మొన్న కట్టిన ఇంటికి ఈశాన్యం మూల పెంచాడు. ఏందయ్యగారూ ఇదీ అంటే, గాలి కోసం అన్నాడు. గాలికి ఆ మూలొక్కటే తెలిసినట్టు!"

పాస్టర్‌గారినడిగే ధైర్యం లేక, మా ఇల్లు కట్టిన మేస్త్రీకి చేశాను.

"వాస్తుదేముందబ్బాయ్," అన్నాడు. "సిద్ధాంతి వచ్చే ఇంటికి సిద్ధాంతి చెప్పినట్టు కడతా. మీ ఇంటికి మీ అమ్మ చెప్పినట్టు కట్టా. పడమటేపు కిటికీ పెట్టబోతే నా చేతిలో తాపీ లాక్కుంది గదా! అవతల మిరపకాయల కల్లం. కాయలు టిక్కీ బస్తాల్లోకి తొక్కేటప్పుడు గాలొస్తే ఇంటిల్లిపాదీ తుమ్మి చస్తాం అంది."

ఫోన్ పెట్టేసేసరికి నాకు శాస్త్రం దొరికింది.

ఆఖరి జ్యూరీలో గొంతు సవరించుకుని, "లోకానికి దిక్కులు ఎనిమిది. మా మిరప నేలకి తొమ్మిదోది ఉంది. దాని పేరు తుమ్ము" అని మొదలుపెట్టాను. ఘాటు ఎటు నుంచి వస్తుందో అటు గోడ మూసెయ్యాలి. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మావాళ్లు వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. అందుకని ప్రతి గుమ్మం ముందూ ఒక అరుగుండాలి. ఇంట్లో ఎన్ని ముక్కులుంటే అరుగు అంత పొడవు. ఈ లెక్కలన్నీ ఒకప్పుడు తాటాకుల మీద ఉండేవని, చదవబోయిన ప్రతివాడూ తుమ్మడంతో అవి ఎగిరిపోయాయని చెప్పాను. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. వినుకొండ కోట మీదికి వచ్చిన సైన్యం సగం దారిలో తుమ్ముకుంటూ కూర్చుండిపోయిందని కూడా చెప్పాను.

గోడ మీదున్నది పాత లైబ్రరీయే. పడమటి కిటికీ మూసి, ముందు పొడుగాటి అరుగు గీశానంతే.

నల్ల చొక్కా ఆయన కళ్లు మూసుకున్నాడు. పక్కాయన "సందేహానికి కట్టిన గుడి" అని గొణిగాడు. బయటి నుంచి పిలిపించిన ఆర్కిటెక్టు ఒకావిడ, పెద్దవయసామె, మాత్రం కళ్లజోడు సవరించుకుని నావైపు చూసింది.

"ఇదంతా నిజమేనా?"

కాదంటే డిగ్రీ పోతుంది. అవునంటే ఈవిడ వదిలేట్టు లేదు. "పడమటి కిటికీ మా అమ్మ పెట్టనివ్వలేదండీ. అది మాత్రం నిజం" అన్నాను.

"మీ అమ్మగారు ఆర్కిటెక్టా?"

"కాదండీ. ఆవిడకి తుమ్ములెక్కువ."

ఆవిడొక్కతే నవ్వింది. నవ్వి, ఏదో రాసుకుంది. సాయంత్రానికి పాసైనవాళ్ల లిస్టులో నేనున్నాను, పక్కన ప్రత్యేక ప్రశంసతో. నాన్నకి చెబితే, "ప్రభువు మేలు చేశాడురా" అన్నాడు. ఆ మేలులో అమ్మ వాటా ఎంతో నేను చెప్పలేదు. వాననీళ్లు లోపలికి రానందుకు ఒక్క మార్కన్నా పడిందేమోనని జ్యూరీ ఇచ్చిన కాగితమంతా వెతికాను. పడలేదు.

నా బొమ్మని కాలేజీ నడవాలో పెట్టారు. మరుసటేడు పట్టా తీసుకోవడానికి వెళ్తే, దాని పక్కన ఒక జూనియర్ అమ్మాయి తన బొమ్మలు తగిలిస్తోంది. మొదటి కాగితం మీదే తొమ్మిది ముళ్ల దిక్సూచి. నేనెవరో ఆమెకి తెలియదు.

"ఇది మిరపకాయల ఘాటు వల్ల వచ్చింది కదూ?" అన్నాను.

ఆమె జాలిగా తలూపింది. "చాలామంది అలాగే పొరబడతారండీ. తుమ్ముకి గాలితో సంబంధం లేదు. అది మనిషి లోపలి దిక్కు."

నేను బుద్ధిగా పుస్తకం తీసి రాసుకున్నాను. తుమ్ము అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే టి పక్కన హెచ్ ఉంటుందా అని కూడా అడిగాను. ఉంటుందట.