నైట్ షిఫ్టు ఇల్లు

మా గోదావరిఖనిల ఒక మర్యాద ఉన్నది. ఇంట్ల మొగోడు రాత్రంత బొగ్గుబాయిల పనిచేసి పొద్దుగాల వచ్చి పండుకుంటె, ఆ ఇంటి ముందట ఎవ్వరు లొల్లి చెయ్యరు. పిల్లలు బంతి తీస్కొని వేరే గల్లీకి పోతరు. కూరగాయల బండాయన ఆ గేటు దాటినంకనే కేకేస్తడు. చుట్టాలొచ్చినా గేటు కాడ్నే నిలవడి సైగ చేస్తరు. నైట్ షిఫ్టోని నిద్రకు మా దగ్గర అంత ఇలువ.

ఆ మర్యాదను నేను అడ్డం పెట్టుకున్న.

పోయినేడు ఎండలు ముదిరినప్పుడు మా ఆయన కాసిపేట దిక్కు బాయికి బదిలీ పెట్టించుకొని పోయిండు. పోయినంక తెలిసింది, అక్కడ ఆయన కోసం ఒక ఇల్లు, ఆ ఇంట్ల ఒక ఆడమనిషి ముందే ఉన్నరని. ఫోన్ల ఒక్కటే మాటన్నడు: "నువ్వు ఫికర్ చెయ్యకు." ఫికర్ చెయ్యకు అంటడా! ఇంగ్లీషు టీచర్ని, రెండు భాషలల్ల ఒక్క తిట్టు దొరకలే నాకు.

మర్నాడు ఎదురింటి అవ్వ "ఏంది బిడ్డా, అల్లుడు కనవడ్తలేడు" అని అడిగింది. నా నోట్లకెల్లి దానంతటదే వచ్చింది: "కాసిపేటల నైట్ షిఫ్టు అవ్వా. పొద్దుగాల బస్సుకొచ్చి పండుకుంటుండు." అవ్వ మొగడు గూడ బాయిలనే పనిచేసి రిటైరైనోడు. ఆమె జరసేపు నా మొఖం చూసింది. "అట్లనా, పండుకోనియ్యి" అని గొంతు తగ్గించి, సప్పుడు గాకుండ గేటేసి పోయింది.

ఇగ ఆ రోజు నుంచి మాది నైట్ షిఫ్టు ఇల్లయింది. పడకర్ర కిటికి మూసి పరదా ఏసిన. ఆయన ఇడిశిపెట్టి పోయిన పాత బాయి బూట్లు గడప పక్కన పెట్టిన. ఇద్దరికి సరిపడ కూరగాయలు కొన్న. షిఫ్టులు మారుతుంటయని ఈ ఊర్ల పాలు తాగే పోరనికి గూడ ఎర్కే. అందుకే "కోరి నైట్ షిఫ్టే పెట్టించుకున్నడు" అని ఇంకో అబద్ధం అతికిచ్చిన. కోరి నైట్ షిఫ్టు అడిగేటోడు ఈ భూమ్మీద ఉంటడా? మరి నేనేం చెయ్యాలె? కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తది. ఇంకో సంగతి గూడ ఉన్నది, చెప్తె నన్ను పిచ్చిదంటరు. ఆయన వస్తడనుకున్న. వచ్చిననాడు ఈ గల్లీల తల ఎత్తుకొని నడ్వాలె, ఎనకనుంచి ఎవ్వరు నవ్వొద్దు అనుకున్న. ఎవ్వరికి తెల్వకుంటె ఆయన పోనే పోలేదన్నట్టు గదా!

గల్లీ నా మాట నమ్మింది. నమ్మి నన్ను ఒక్కదాన్ని చేసింది. బతుకమ్మ నాడు ఆడోళ్లు పూలు పట్టుకొని గేటు దాక వచ్చి, "అన్న పండుకున్నడేమో" అని గుసగుసలు పెట్టుకొని ఎల్లిపోయిండ్రు. నేను కొత్త చీర కట్టుకొని తలుపెనకనే నిలవడి ఉన్న. మధ్యాహ్నం ఊరవతల ఓపెన్ కాస్టు గనిల బొగ్గు కోసం బ్లాస్టింగు పెడ్తె మా అల్మారల గిన్నెలు గడగడలాడ్తయి. ఆ సప్పుడుకు లేవనోడు పిల్లల బంతికి లేస్తడా? అయినా పిల్లలు మా ఇంటి ముందట ఆడలే. అన్నిటికంటె కష్టం ఏడుపుతోని. అంత సప్పుడు లేని చోట ముక్కు చీదినా ఎదురింటికి ఇనవడ్తది. నల్లా ఇప్పి, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్శేదాన్ని. మా గల్లీల నల్లా రోజు తప్పిచ్చి రోజు వస్తది. ఏడుపు గూడ గట్లనే పెట్టుకున్న.

సాయంత్రం వరండల ట్యూషన్ చెప్పేదాన్ని. గల్లీల ఆడపిల్లలు ఐదారుగురు వచ్చేది. వాళ్లు గూడ గుసగుసగనే చదివేది. ఇంగ్లీషు పాఠం చెవుల చెప్పుకున్నట్టు చదివే పిల్లలను ఎక్కడన్న చూసిండ్రా?

ఒకనాడు రహస్యాలు బయటపెట్టే మాటల పాఠం వచ్చింది. 'బ్లర్ట్ అవుట్' అంటె ఏంది టీచర్ అన్నరు. "నోట్ల నువ్వుగింజ నానదే, గసొంటోళ్లు చేసే పని" అన్న. కిసకిస నవ్విండ్రు. తర్వాత 'లెట్ ఆన్' వచ్చింది. "ఒక సంగతి మనకు ఎర్కే. ఎర్క ఉన్నట్టు ఎదుటోళ్ల ముందట బయటపడ్డమనుకో, అది లెట్ ఆన్. ఎర్క ఉండి గూడ బయటపడకుంటె, డోంట్ లెట్ ఆన్. తలా ఒక వాక్యం చెప్పుండ్రి" అన్న.

ఒక పిల్ల, అన్న సిగరెట్టు తాగుడు చూసి గూడ నాయిన ముందట బయటపడలేదని చెప్పింది. ఇంకో పిల్ల, షుగరున్న అమ్మమ్మ దొంగతనంగ లడ్డు తింటదని, తను చూసి చూడనట్టు ఉంటదని చెప్పింది. మంచిగ చెప్పిండ్రని నాకు సంబురమైంది. అప్పుడు ఎదురింటి అవ్వ మనుమరాలు లేచి నిలవడ్డది. ఏడో తరగతి పిల్ల. గుసగుసగ కాదు, బడిల చెప్పినట్టు గట్టిగ చెప్పింది.

"అంకుల్ డజ్ నాట్ కమ్ హోమ్. ఎవ్రీబడీ నోస్, బట్ వుయ్ డోంట్ లెట్ ఆన్."

అంకుల్ ఇంటికి వస్తలేడు. అందరికి ఎర్కే, గని మేము బయటపడ్తలేము.

పక్క పిల్ల దాన్ని గట్టిగ గిచ్చింది. అప్పుడు సమజైంది దానికి. మొఖం తెల్లవోయింది. "టీచర్, మా నానమ్మకు చెప్పకుండ్రి. బూట్లకు ఎన్నడు బొగ్గు అంటుతలేదని నేనే చూసిన. మీ ముందట నోరు జారితె కాళ్లిరుగగొడ్త అన్నది. గల్లీల అందరికి గూడ, టీచర్ చెప్పిందే నిజం అనుకోండ్రి, ఆ ఇంటి కాడ లొల్లి చెయ్యకుండ్రి అన్నది" అని ఏడుపు మొదలుపెట్టింది.

అంటె ఇన్ని నెలలు పిల్లలు వేరే గల్లీకి పోయింది, బండాయన నోరు మూసుకున్నది ఆయన నిద్ర కోసం కాదు, నా కోసం. ముందుగాల కోపమొచ్చింది. ఎవ్వలడిగిండ్రు మిమ్ముల, అని ఒర్లాలనిపిచ్చింది. తర్వాత సిగ్గయింది. ఆ సిగ్గు గూడ పోయినంక ఒక్కటే మిగిలింది. ఆయన రాడు. ఈ ముచ్చట నాకు గూడ మొదటి నుంచి ఎర్కే.

"వాక్యం కరెక్టే బిడ్డా, కూసో" అన్న.

లేచి పడకర్రలకు పోయిన. పరదా గుంజిన. కిటికి రెక్క పట్టుకపోయి ఉన్నది, రెండు గుద్దులు గుద్దితె తెరుసుకున్నది. "ఇక్కడ్నే ఆడుకోండ్రి! ఇంట్ల ఎవ్వరు పండుకోలే!" అని గల్లీల ఇనవడేటట్టు మొత్తుకున్న.

వరండల పిల్లలు కదల్లే. పాపం, అలవాటైపోయింది. "పోండ్రి, పొయ్యి బంతి తెచ్చుకోండ్రి" అన్న మల్ల. కండ్లు తుడుచుకుంట అవ్వ మనుమరాలే ముందు ఉరికింది. జరసేపట్ల గల్లీ పిల్లలంత మా గోడ కాడ్నే ఉన్నరు. బంతి కిటికి చువ్వలకు తాకింది. అవుటా కాదా అని కొట్లాట షురువైంది. నేను గోడకు ఒరిగి కింద కూలవడ్డ. కొంగు అడ్డం పెట్టుకోలే, నల్లా ఇప్పలే. ఆ లొల్లిల ఎవ్వరికి ఇనవడదని గొంతెత్తి ఏడ్శిన.

ఎవరో తలుపు దబదబ కొట్టిండ్రు. అన్ని నెలలల్ల మా తలుపు కొట్టిన మొదటి చెయ్యి అది.

"తలుపు తియ్యవే బిడ్డా" అని అవ్వ గొంతు, గల్లీ చివర దాక ఇనవడేటట్టు. "చాయ తెచ్చిన, సల్లారుతున్నది."