తెలుసు సార్, తప్పైంది సార్

మూడు జిల్లాలు, పార్లమెంటు చేసిన ఒక చట్టం, దాని మీద తిరగబడ్డ వీరులు, ఏరులై పారిన నెత్తురు అని మొదలుపెడదామని కూర్చున్నాను. అంత పెద్ద గాథ రాయాలంటే ముందు వీరుల లెక్క తేలాలి కదా, తేల్చి చూస్తే ముగ్గురు వచ్చారు. ఏరులై పారింది చాయ్. కాబట్టి ఇది మహాగాథ కాదు. గద్వాల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసుకునే ఒకడు గిరాకీ లేని మధ్యాహ్నాల్లో తన ఈడువాళ్ళ కోసం రాసుకున్న నాలుగు మాటలు, అంతే. నాకు ఇరవై ఐదు. ఈ వయసుకు జ్ఞాపకాలేమిటని పెద్దవాళ్ళు నవ్వుతారు గానీ, పదిహేడేళ్ళకే ఎనిమిది నెలలు గోడ లోపల కూర్చుని వచ్చినవాడికి పాతరోజులు కొంచెం తొందరగా మొదలవుతాయి.

మొన్న ఒక బడిపిల్లవాడు వాళ్ళమ్మ ఫోను తెచ్చాడు. నీళ్ళ డ్రమ్ములో పడిందని ఫోనే చెబుతోంది, వాణ్ని అడగాల్సిన పని లేదు. నేను ఊరికే తలెత్తి చూశానో లేదో, వాడు చేతులు కట్టుకొని, తల వంచుకొని, తెలుసన్నా, తప్పైందన్నా అన్నాడు. ఆ మాటను, ఆ తల వంచడాన్ని నేను ఒక చోట నేర్చుకున్నాను, ఇంకొకడికి నేర్పాను కూడా. ఆ నేర్పడం సంగతే ఇది.

మా హోం ఎక్కడుందో చెప్పను. అందులోకి నేను పోయింది బోరు మోటార్ల కేబుల్ వైర్ల కేసులో. వైర్లు తెచ్చింది నా దోస్తులు, వాటిని కాల్చి రాగి తీసింది నేను, అదీ పట్టపగలు, ఊరి పక్కనే. నల్లటి పొగ చూసి పోలీసులు నేరుగా పొగ దగ్గరికే వచ్చారు, పాపం వాళ్ళకు వెతికే శ్రమ కూడా లేకుండా చేశాను. జామీనుకు రావాలా వద్దా అని మా నాయన ఎనిమిది నెలలు ఆలోచించాడు. ఆ ఎనిమిది నెలలను ఇప్పుడు తలుచుకొని మురిసిపోతే వినేవాళ్ళు ఏమనుకుంటారో తెలియదు గానీ, పొద్దున విజిల్ మోగగానే నలుగురు చొప్పున వరసల్లో కూర్చొని ఒకటి, రెండు అని లెక్క చెప్పడం, ఉప్మాలో జీడిపప్పు దొరికిందని ఒకడు పుకారు లేపితే అందరం పళ్ళేల్లో తవ్వుకోవడం, క్యారమ్ బోర్డుకు స్ట్రైకర్ పోతే సోడా సీసా మూతతో ఆరు నెలలు ఆడటం, ఇవన్నీ ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. వంట చేసే పెద్దమ్మ మమ్మల్ని పేర్లతో కాక కూరలతో గుర్తుపెట్టుకునేది. నేను వంకాయ తిననివాణ్ని, అదే నా గుర్తింపు.

అక్కడే నాకు మామ, అన్న దొరికారు. మామ నిజంగా మామ కాడు, గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్లవాడు, పదహారేళ్ళకే మీసం వచ్చినందుకు ఆ హోదా ఇచ్చాం. అన్న నాగర్‌కర్నూల్ దిక్కువాడు. తల్లిదండ్రులు పనికోసం ఏటా బొంబాయి పోయేవాళ్ళు, తల్లి ఎక్కడున్నా ఆదివారం ప్రార్థన మాననిది. అన్న రోజుకు పది మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. వాళ్ళిద్దరూ దేనికి లోపలికి వచ్చారో నేను రాయను, ఒకడి కేసు ఇంకొకడు అడగకూడదన్నది అక్కడి మర్యాద.

మొదటి రోజే పెద్ద పిల్లలు కొత్తవాణ్ని కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పేవాళ్ళు. ఎవరేం అడిగినా, వార్డెన్ గానీ, డాక్టరు గానీ, పుట్టినరోజు పేరు చెప్పి అరటిపళ్ళు పంచడానికి వచ్చిన పెద్దమనిషి గానీ, తల వంచి "తెలుసు సార్, తప్పైంది సార్, మల్ల చెయ్య సార్" అనాలి. జరిగింది జరిగినట్టు చెప్పబోతే వినేవాళ్ళకు తీరిక ఉండదు, పైగా బుకాయిస్తున్నాడనుకుంటారు. ఈ ముక్క చెబితే మొహాలు మెత్తబడేవి. అది మాకెంత అలవాటైందంటే, ఒక రోజు సాంబారులో ఉప్పు సరిపోయిందా అని పెద్దమ్మ అడిగితే ఒకడు తెలుసు, తప్పైంది అన్నాడు. ఆ పూట పెద్దమ్మ వాడికి రెండు గరిటెలు ఎక్కువ వేసింది, పాఠం గొప్పతనం అది.

బయటికి వచ్చాక ఎవరి బతుకు వాళ్ళది. నాలుగేళ్ళ తర్వాత అన్న ఫోను చేశాడు. మా వరసలో నా ఎడమ పక్కన కూర్చునేవాడు ఒకడు ఉండేవాడు, వాడి కేసును పెద్దకేసని పెద్ద కోర్టుకు పంపారు, ఇప్పుడు ఇరవై ఒకటి నిండగానే జైలుకు మార్చారని చెప్పాడు. ముగ్గురం ఒకసారి కలుద్దామని నేను అన్నాను.

అట్లా మొదలైంది మా సంఘం. గద్వాలకూ నాగర్‌కర్నూలుకూ వనపర్తి మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడి చాయ్ హోటలే మా కార్యాలయం. మొదటి సమావేశంలో కూర్చోగానే మామ ఒకటి అన్నాడు, నేను రెండు అన్నాను, అన్న మూడు అన్నాడు, అప్పుడు గుర్తొచ్చింది లెక్క చెప్పమని ఎవరూ అడగలేదని. ఉచితంగా కేసులు చూసే ఒక వకీలు అక్క మాకు చట్టం విడమర్చి చెప్పింది. పదహారు దాటినవాడి మీద పెద్ద నేరం ఉంటే, పిల్లల కేసులు చూసే బోర్డు మొదట ఒక అంచనా వేస్తుందట. వీడికి ఆ పని చేసే బుద్ధీ బలమూ ఉన్నాయా, చేస్తే ఏమవుతుందో తెలిసే చేశాడా అని చూసి, తెలిసే చేశాడనిపిస్తే పెద్దవాళ్ళలాగే విచారించమని పెద్ద కోర్టుకు పంపవచ్చు. అది ఉండకూడదు, పిల్లవాణ్ని పిల్లవాడిగానే విచారించాలి అన్నది మా డిమాండు. డిమాండు పది నిమిషాల్లో తేలింది, సంఘం పేరు మూడు నెలలైనా తేలలేదు. మామ తొందరపడి పేరు చోటు ఖాళీగా ఉంచి లెటర్‌ప్యాడ్లు కొట్టించాడు.

ఊళ్ళు తిరిగి సంతకాలు పెట్టించాం. సంతకం పెడితే పింఛను వస్తుందా అని అడిగినవాళ్ళకు రాదని నిజమే చెప్పాం, అయినా సగం మంది పెట్టారు, మా మొహాలు చూసి జాలిపడి అయ్యుంటుంది. సోమవారం అర్జీలు తీసుకునే చోటుకు పోతే అక్కడి గుమాస్తా మంచివాడే, మీరు హోంలో ఉన్నట్టు ఏదైనా కాగితం ఉందా అన్నాడు. లేదు. పిల్లల రికార్డులు ఉంచకూడదని చట్టంలోనే ఉందట, గడువు తీరాక చెరిపేశారు. నేరం చేసినట్టు రుజువు లేక అవస్థ పడిన నేరస్తులు ఈ మూడు జిల్లాల్లో మేమే అయ్యుంటాం. చివరికి ఆయన మా అర్జీని ఇతరములు అనే గడిలో రాసుకున్నాడు.

ఆ రోజుల్లోనే మా పాత హోంకు ఒక పిల్లవాడు వచ్చాడు, తమ్ముడని పిలిచేవాళ్ళం. అమరచింత పక్క పల్లెవాడు, పదహారు నిండి ఐదారు నెలలు. కాలువ కింద వంతు నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, వరసకు పెదనాయన అయ్యే మనిషిని పారతో కొట్టాడు. ఆయన నాలుగో రోజు దవాఖానలో పోయాడు. ఇందులో నవ్వడానికేమీ లేదు, నేను వెతకలేదు కూడా. బోర్డు అంచనా వేయాల్సింది ఇప్పుడు ఇతని కేసులోనే. అటు పడితే పెద్ద కోర్టు, ఆ తర్వాత ఎన్నేళ్ళో. ఇటు పడితే మహా అయితే మూడేళ్ళు హోం, తర్వాత ఇల్లు.

ఆదివారాలు హోంకు పోయి పిల్లలతో గడపడానికి మాకు అనుమతి ఉండేది. మామ క్యారమ్స్ ఆడించేవాడు, నేను పాత ఫోన్లు విప్పి చూపించేవాణ్ని. తమ్ముడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అది చూసి నాకు పెద్దరికం పొంగుకొచ్చింది, నా దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని వాడికి ఇచ్చాను. తల ఎంత వంచాలో, సార్ అనే చోట గొంతు ఎంత తగ్గించాలో దగ్గరుండి నేర్పాను. రెండు ఆదివారాల్లో పట్టేశాడు. ఇక వీడికి భయం లేదని మామతో గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాతి వారం వకీలు అక్క హోటలుకు వచ్చి ఫైలు బల్లమీద పెట్టి కూర్చుంది. తమ్ముణ్ని ఏమడిగినా ఒకటే జవాబు చెబుతున్నాడట. కొడితే మనిషి చచ్చిపోతాడని తెలుసా అంటే కూడా తెలుసు మేడం, తప్పైంది మేడం అన్నాడట.

"ఎవరు నేర్పిండ్రు వానికి గిది?"

మర్యాదగా ఉంటుందని నేనే నేర్పానని ఒప్పుకున్నాను.

"మర్యాద కోసం అడుగుతలేరు రా ఆడ. తెల్సి చేసిండా, తెల్వక చేసిండా అని అడుగుతరు. తెలుసంటే, వీడు పెద్దోడే అని రాసుకుంటరు. ఒకదిక్కు చట్టం వద్దని సంతకాలు పెట్టిస్తుండ్రు, ఇంకోదిక్కు పిల్లగాన్ని మీరే పెద్ద కోర్టు మెట్లు ఎక్కిస్తుండ్రు."

అంచనా వేసే రోజుకు మధ్యలో ఒక్క ఆదివారమే మిగిలింది. వెంటనే పోయి తెల్వదు సార్ అనమని చెప్పొస్తానని లేచాను. అన్న నా చొక్కా పట్టుకొని కూర్చోబెట్టాడు.

"మల్లొకటి నేర్పకు. జర నోరు మూస్కొని కూసో, వాడేం చెప్తడో ఇందాం."

అదే సరైందని అక్క కూడా అంది, ఏం చెప్పాలో మేం చెబితే అది వాడి మాట కాదు. ఆదివారం వరండాలో నలుగురం కూర్చున్నాం, అలవాటు కొద్దీ వరసగానే. నేను నేర్పింది మరిచిపొమ్మన్నాను. మరేం చెప్పాలన్నా అని భయంగా అడిగాడు. ఎవరం పలకలేదు. నాకు అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం వంకాయ కంటే కష్టం, నోట్లో రెండు మూడు హాస్యాలు తయారుగా ఉన్నాయి, మింగేశాను. చాలాసేపటికి తమ్ముడు నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆయన కింద పడ్డంక లేస్తడని ఆడ్నే నిలవడ్డన్నా. జరసేపైతే లేస్తడు, తిడ్తడు, మా అమ్మతోని చెప్తడు అనుకున్న. లేస్తలేడు. లేసినంక తిట్టకుండ ఉంటడని, నీళ్ళు ఆయన మడికే మలిపిన."

అన్న వాడి చెయ్యి పట్టుకొని, ఎవరడిగినా ఇదే చెప్పమన్నాడు, ఎక్కువ వద్దు, తక్కువ వద్దని.

అంచనా వేసే రోజు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, బండ్లు పెట్టే చోట నిలబడ్డాం. మనసు డాక్టరు ఒకామె తమ్ముడితో చాలాసేపు కూర్చుందని అక్క తర్వాత చెప్పింది. బయట ఒక పక్క తమ్ముడి అమ్మ, ఇంకో పక్క చనిపోయినాయన భార్య. తమ్ముడి అమ్మ అటువైపు రెండడుగులు వేసి ఆగిపోయింది, ఆయన భార్య కొంగు సర్దుకొని తల తిప్పుకుంది. మా తీర్మానాలన్నీ మోసుకొచ్చిన సంచి నా భుజానే ఉంది, వాటిలో ఆమెను గురించి ఒక్క వాక్యం లేదు.

కొన్ని వారాలకు ఉత్తర్వు వచ్చింది, కేసు బోర్డులోనే ఉంటుంది, పెద్ద కోర్టుకు పంపనక్కరలేదని. బోర్డు మెట్ల దగ్గరే తమ్ముడి అమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. మామ మీసం తడిసేలా ఏడ్చాడు, అన్న కళ్ళు మూసుకొని వాళ్ళమ్మ ప్రార్థన ఏదో గొణిగాడు. ఇంతలో ఒకతను వచ్చి, ఈ బండి ఎవరిది, తీయండి, దారికి అడ్డం ఉంది అన్నాడు. బండి నాది. తీశాను.

ఇప్పుడు ఆ చాయ్ హోటలు లేదు, ఆ చోట చెప్పుల షోరూం పెట్టారు. సంఘం వాట్సాప్ గ్రూపులో పూలబొమ్మలతో శుభోదయాలు తప్ప ఏమీ రావు. మిగిలిన లెటర్‌ప్యాడ్లను మామ వాళ్ళమ్మ అల్మారా అరల్లో పరిచింది. హోంకు కొత్త రంగు వేశారట, పెద్దమ్మ పని మానేసిందట, ఇప్పటి పిల్లలను ఏ కూరలతో గుర్తుపెట్టుకుంటున్నారో తెలియదు. చట్టం ఎక్కడుందో అక్కడే ఉంది. మేం మార్చగలిగింది ఒక్క పిల్లవాడి కాగితం, అదీ మేమే చెడగొట్టబోయి సరిచేసుకున్నది. అయినా ఆ వరండాలో మాటల్లేకుండా వరసగా కూర్చున్న ఆ ఒక్క పూట కోసం అప్పుడప్పుడూ ప్రాణం కొట్టుకుంటుంది. అట్లా ఒకరు చెప్పేది వింటూ కూర్చోవడానికి నలుగురం మళ్ళీ ఎప్పుడు కుదురుతామో.

తమ్ముడు బయటికి వచ్చాడు. ఊళ్ళో ఉండలేక అన్న దగ్గర చేరాడు. అన్న ఇప్పుడు పత్తి విత్తనాల లారీ నడుపుతున్నాడు, వాడికి కూడా స్టీరింగు నేర్పాడు. చేయి బాగా తిరిగిందట. లైసెన్సు సంగతి కనుక్కోమని మొన్న నాకు ఫోను చేస్తే ఆఫీసుకు పోయి అడిగాను. లారీ నడపాలంటే ఇరవై ఏళ్ళు నిండాలట. తమ్ముడికి ఇంకా ఐదు నెలలు తక్కువ.