మీసం మీద నడిచిన కారు

ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన ఆయన్ని డిపోలో అందరూ న్యూట్రలయ్య అనేవాళ్లు. వాలు కనబడితే చాలు, గేరు తీసేసి బస్సును న్యూట్రల్‌లో జార్చేవాడు. అలా మిగిల్చిన డీజిల్‌తో ఒక చెరువు నింపొచ్చని చెప్పుకునేవాళ్లు. ఆ చెప్పుకునేవాళ్లలో ఆయనే ముందుండేవాడు. ఆ పొదుపుకు డిపోవాళ్లు బహుమతిగా ఇచ్చిన గోడగడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంది. అదీ పొదుపేనంటుంది భార్య.

అలాంటి మనిషి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కొండమీద కాపురముండే బావమరిది చూసి పడీపడీ నవ్వాడు.

“బావా, ఇది కారా? సెల్‌ఫోనుకి చక్రాలు బిగించారా?”

“ఏమోయ్! ఒక్క ఛార్జింగుతో మీ ఇంటికొచ్చి, మళ్లీ మా ఇంటికి చేరతా. మధ్యలో ఎక్కడైనా ప్లగ్గు పెడితే ఈ మీసం తీసేస్తా!”

అది మామూలు మీసం కాదు. మలుపుల్లో స్టీరింగుతో పాటు అదీ తిరిగేదట.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు. కొండ ఎక్కేటప్పుడు కారు దాహమేసినదానిలా ఛార్జింగంతా తాగేసింది. తిరుగు ప్రయాణానికి మిగిలింది ఏడు శాతం. బావమరిది తన పెట్రోలు కారులో వెంటపడ్డాడు. డిక్కీలో లాగే తాడు, జేబులో రేజరు.

వాలు మొదలైందో లేదో, ఆయన చెయ్యి దానంతటదే న్యూట్రల్‌కి పోయింది. కారు హాయిగా జారింది. మీటరు ఆరుకి దిగింది.

“ఏవండీ, గేరులో పెట్టండి,” అంది ఆవిడ. కారుతో వచ్చిన పుస్తకాన్ని ఇంట్లో చదివింది ఆవిడొక్కతే. “గేరులో ఉంటేనే దిగేటప్పుడు చక్రాలు బ్యాటరీని నింపుతాయట.”

“వాలు గురించి నాకే చెప్తున్నావా?”

“మీకు కాదు, మీ మీసానికి.”

మీటరు ఐదు చూపించింది. ఆయన మీసం కొస నమిలి, గేరు వేశాడు. కానీ మలుపు తిరగ్గానే చెయ్యి మళ్లీ పాత దారి పట్టింది. ఆవిడ తన హ్యాండ్‌బ్యాగును గేరు మీద పెట్టి అదిమిపట్టింది.

“ఇల్లు చేరితే సగం మీసం నాది.”

“తీసుకోవే తల్లీ, తీసుకో!”

ఐదు ఏడైంది, ఏడు పదైంది. కొండ దిగి, ఊళ్లోకొచ్చి, ఇంటి ముందు ఆగేసరికి ఇంకా ఆరు మిగిలింది.

బావమరిది నోరు తెరిచాడు. “మీ వెనకే వచ్చానుగా, ఎక్కడా ఆగలేదే! ఇదెలా బావా?”

న్యూట్రలయ్య మీసం దువ్వుకున్నాడు. “ముప్పై ఏళ్ల అనుభవం రా అబ్బాయ్. వాలు నా మాట...”

లోపలికెళ్లిన ఆవిడ కత్తెరతో బయటికొచ్చింది.

“ఏవండీ, నా సగం ఇప్పుడే కావాలి. ఎడమదిస్తారా, కుడిదిస్తారా?”

ఆయన రెండు చేతులతో మీసం కప్పుకున్నాడు.

“అంతా పుస్తకంలో ఉంది లేరా,” అన్నాడు వేళ్ల సందుల్లోంచి. “చదివింది మీ అక్కయ్య.”