ముక్కు మాస్టారు, ఈకల షీటు

ముక్కు మాస్టారు దేన్నయినా ముందు వాసన చూస్తారు, ఆ తర్వాతే కళ్లతో చూస్తారు. టీ, టెలిఫోను, కొత్త కుర్చీ, జీతం పెంచామంటూ పైవాళ్లు పంపిన కాగితం, దేనికీ మినహాయింపు లేదు. ఒకసారి ప్రయోగశాల గుమ్మంలోనే ఆగిపోయి, ఎవరో తడి సాక్సులు వేసుకొచ్చారని ప్రకటించారు. నలుగురు తలుపు చాటుకు వెళ్లి చూసుకున్నారు. ఇద్దరివి తడిగానే ఉన్నాయి.

ఆయన దగ్గర పనిచేసే అమ్మాయికి ఈ ముక్కే గండమై కూర్చుంది. కోడి ఈకల్లోంచి కెరాటిన్ అనే ప్రొటీన్ తీసి, మొక్కజొన్నతో చేసిన ప్లాస్టిక్‌లో కలిపి, వేడి యంత్రంలో నొక్కితే పల్చటి షీటు వస్తుంది. దాంతో నారు పెంచే ట్రేలు చేసుకోవచ్చు, పని తీరాక అవి మట్టిలో కలిసిపోతాయి. ఆమె చేసిన షీటు వంగింది, విరగలేదు, నీళ్లకు నానలేదు. మాస్టారు సంతకం పెడితే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. గడువు రేపటితో సరి.

మాస్టారు షీటును ముక్కుకు ఆనించి కళ్లు మూసుకున్నారు. ఈక వాసన పోలేదన్నారు. ప్రయోగశాలంతా వరసగా వాసన చూసింది, ఎవరికీ ఏమీ తగల్లేదు. ఆఖరికి వాచ్‌మన్‌ను పిలిపిస్తే, ఇక్కడెవరో నారింజ తిన్నారని మాత్రం చెప్పగలిగాడు.

“ఇంకోసారి కడుగు,” అన్నారు మాస్టారు.

అప్పటికి ఆ ఈకలకు ఆమె వాడని సబ్బు లేదు. ఒళ్లు మండిపోయింది. అటో ఇటో తేల్చుకుందామని సాయంత్రం ఆయన ఎక్కిన బస్సే ఎక్కింది.

బస్సు కిటకిటలాడుతోంది. అయినా ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని పక్కన, కిటికీ దగ్గర, ప్రయోగశాలకు ఈకలు కడిగిచ్చే ఆవిడ కూర్చుని ఉంది. పని కాగానే స్నానం చేసి బట్టలు మార్చుకునే బయల్దేరుతుంది గానీ, పచ్చి ఈకల వాసన ఆమెను వదలదు. జనం మర్యాదగానే దూరం జరిగి నిలబడ్డారు. మాస్టారు తిన్నగా వెళ్లి ఆ సీట్లో కూర్చుని, ఆవిడ పిల్లల చదువుల గురించి అడగసాగారు. పొద్దున అంత రాద్ధాంతం చేసిన ముక్కు చలించలేదు.

అమ్మాయి ఆగలేక ఆయన చెవి దగ్గరికి వంగింది. “సార్, ఇక్కడ మీకేం తెలియడం లేదా?”

“జలుబు చేసిందమ్మా,” అన్నారాయన పైకే.

ఆవిడే సంతోషంగా సంగతి చెప్పింది. వచ్చే నెల నుంచి తనను వేడి యంత్రం పనిలో వేస్తున్నారట. తలుపులు మూసిన గది, షీటు నొక్కేటప్పుడు ఏ వాసన వస్తే అదే ఒంటికి పట్టేస్తుంది. ఏ వాసనా లేకుండా చూస్తానని సారు మాటిచ్చారట.

అమ్మాయికి కోపం పోయింది, భయం మిగిలింది. తన గడువు మాటేమిటని అడిగింది.

“పైవాళ్లకు పొద్దున్నే చెప్పేశాను. ఆలస్యం నా ముక్కుది, నీది కాదని. ఇంకో నెల ఇచ్చారు,” అన్నారు మాస్టారు.

ఆమె కళ్లు తుడుచుకుని, ఆయన జలుబుకు మందు తెచ్చిస్తానంది.

“వద్దమ్మా,” అంది కిటికీ దగ్గరి ఆవిడ నవ్వుతూ. “సారుకి ఈ బస్సెక్కితేనే జలుబు చేస్తుంది. దిగితే తగ్గిపోతుంది.”