‘ఫర్’ పక్కన ‘ఫాలింగ్’

1996 ఆగస్టులో విశాఖ పోర్టుకు దగ్గర్లోని ఒక ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా చేరాను. ఉత్తరాలు రాయడం నా పని. చదివింది బీకామ్. అయినా ఇంగ్లీషులో నా తర్వాతే ఎవరైనా అని గట్టి నమ్మకం. అది తప్పని చెప్పగలిగినవాడు ఆఫీసులో ఒక్కడూ లేడు.

నాలుగు నెలలకు క్రేన్ ఆపరేటర్ పైడిరాజుకు ఛార్జిషీటు వచ్చింది. మల్కాపురం మనిషి, పద్నాలుగేళ్ల సర్వీసు. క్రేన్ మోస్తున్న కడ్డీల కట్ట జారి యార్డులో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, జనరల్ మేనేజరు గారి కారు ముందుభాగం అప్పడమైంది. అలాంటప్పుడు ఛార్జిషీటు అందుకున్నవాడు సంజాయిషీ రాసివ్వాలి. అది నచ్చకపోతే విచారణ. అందులో తప్పు తేలితే ఉద్యోగం ఊడుతుంది.

“సారూ, నాకు ఇంగిలీసు రాదు. మీరే రాసెట్టండి. కడ్డీలు జారిపోతన్నాయని బ్రేకు ఏసేసినాను. మరేటి సేత్తాను?” అన్నాడు పైడిరాజు.

“ఐ అప్లైడ్ బ్రేక్ ఫర్ ఫాలింగ్ ది లోడ్” అని రాశాను. లోడు పడిపోతున్నందుకు బ్రేకు వేశానని నా భావం. ‘అందుకు’ అంటే ‘ఫర్’, దాని పక్కన క్రియకు ‘ఇంగ్’ తోక. ఇంత సులువైన భాషకు అంతంత లావు వ్యాకరణ పుస్తకాలెందుకో అనుకున్నాను.

విచారణాధికారి వేరే యూనిట్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆ వాక్యం రెండుసార్లు చదివి, “లోడు పడేయడం కోసమే బ్రేకు వేశావా?” అని పైడిరాజును అడిగారు.

“నానెందుకు పడేత్తానండి?”

“నువ్వే సంతకం పెట్టావు. ఎవరు రాశారిది?”

పైడిరాజు నా పేరు చెప్పలేదు. విచారణ నోట్సు రాసుకుంటూ నేను ఎదురుగానే ఉన్నాను. మా విభాగం వాళ్లు నిందితుడికి సాయం చేయకూడదు. చెప్తే నా మెడకు చుట్టుకుంటుందని అతనికి తెలుసు. పద్నాలుగేళ్ల ఉద్యోగం పోయేలా ఉన్నా నావైపు చూడనైనా లేదు. నేను మాత్రం పిరికివాడిలా కాసేపు నోట్సు రాస్తూనే ఉండి, ఆఖరికి లేచాను.

“రాసింది నేనే సార్.”

ఆయన కోప్పడలేదు. లోడు జారడం చూసి అనడానికి ‘ఆన్ సీయింగ్ ది లోడ్ స్లిప్పింగ్’ అని రాయాలని, నా ‘ఫర్’ కారణం చెప్పబోయి ఉద్దేశం చెప్పిందని వివరించారు. తర్వాత కట్టకు కట్టిన ఇనుప తాడు తెప్పించి చూశారు. అది పూర్తిగా అరిగిపోయి ఉంది. పైడిరాజు బయటపడ్డాడు.

నాకు మాత్రం మెమో వచ్చింది: “వార్న్‌డ్ ఫర్ హెల్పింగ్”. సాయం చేసినందుకు హెచ్చరిక. ఇక్కడ ‘ఫర్’ అంటే ‘అందుకు’ అనే. ఆ పెద్దాయన్ని అడిగితే, ఇక్కడ అది సరైనదేనన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కార్మికులకు ఒకటే చెప్పాను: సంజాయిషీ తెలుగులో రాయండి. ఫ్యాక్టరీ నిబంధనల్లో ఆ వీలు మొదటినుంచీ ఉంది. ఆ పేజీ ఇంగ్లీషులో ఉండటంతో ఎవరూ చదవలేదు.