మూడో కాన్పు

మా అక్కకు మొదటి ఇద్దరు ఆడపిల్లలూ నిక్షేపంగా పుట్టారు. మూడోదీ ఆడపిల్లే. దానికి పై పెదవి చీలి ఉంది, నోట్లో అంగిలి కూడా కలవలేదు. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు.

డిగ్రీ సెలవుల్లో నేను ముసునూరులో అక్క ఇంట్లోనే ఉన్నాను. వాళ్ళ మామిడితోటలో కోతలు జరుగుతున్నాయి. చూడడానికి వచ్చినవాళ్ళు పిల్లను చూసి, అక్క ముఖం చూడలేక వెళ్ళిపోయేవారు.

"ఇద్దరితో ఆపేయాల్సింది. కాన్పులు ఎక్కువైతే ఇలాంటివే" అనేవారు అక్క అత్తగారు.

అక్క ధ్యాసంతా పాల మీదే. పిల్ల రొమ్ము పట్టలేకపోయేది, తాగిన కాసినీ ముక్కులోంచి వచ్చేసేవి. అక్క పాలు పిండి, పిల్లను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో బుగ్గ పక్కగా కొద్దికొద్దిగా పోసేది. నేను పట్టబోతే సగం కిందే పోయేవి. తను మాత్రం పిల్లతో కబుర్లు చెబుతూ పట్టేది.

ఏలూరు డాక్టరమ్మ దగ్గరికి అత్తగారూ వచ్చారు. అక్క అత్తగారి ఎదుటే డాక్టరమ్మని అడిగేసింది.

"మూడో కాన్పు అవబట్టే ఇలా అయిందా అండీ?"

"కాన్పులు పెరిగేకొద్దీ ఈ అవకాశం కాస్త పెరుగుతుందని కొందరంటారమ్మా. అదేం లేదనేవాళ్ళూ ఉన్నారు. మీ పాపకి ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. మీ తప్పేం లేదు. పాపని బరువు పెరగనివ్వండి, ఆపరేషన్ చేద్దాం."

బయట బెంచీ మీద చింతలపూడి నుంచి వచ్చిన ఒకమ్మాయి అలాంటి బిడ్డనే కొంగు చాటున దాచుకుని కూర్చుంది. బిడ్డ ఆకలికి ఏడుస్తోంది.

"ఎన్నో కాన్పమ్మా?" అని అడిగారు అత్తగారు.

"మొదటిదేనండి."

అత్తగారు ఆ బిడ్డనీ మా పాపనీ మార్చి మార్చి చూశారు. అక్క మా పాపను ఆవిడ చేతికిచ్చి ఉగ్గుగిన్నె తీసుకుని ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"తల ఎత్తి పట్టుకో. ముక్కులోంచి వచ్చినా భయపడకు. తుడిచి మళ్ళీ పట్టు."

బిడ్డ గుటక వేసింది. ఆ అమ్మాయి కొంగు పక్కకి తీసేసింది.

తిరుగు ప్రయాణంలో అత్తగారు పాపను ఎవరికీ ఇవ్వలేదు. బస్సులో పక్కావిడ తొంగిచూసి "అయ్యో" అంటే, "మా మూడో మనవరాలండి. ఆపరేషన్ చేస్తామన్నారు" అన్నారు.

ముందు పెదవి కుట్టారు, ఏడాది దాటాక అంగిలి. ఆ తర్వాత కూడా చాలాకాలం పాప నోట పిన్ని అనే మాట 'మిన్ని'గానే వచ్చేది. అక్క అరచేతిలో దూదిపింజ పెట్టి, అది ఎగిరేదాకా 'ప' అనిపించేది. పెద్దపిల్లలిద్దరికీ అదో ఆట. పాప ఇప్పుడు స్కూల్లో పద్యాలు చెబుతుంది. కొన్ని అక్షరాలు ఇంకా ముక్కులోంచే వస్తాయి, దానికి లెక్కలేదు.

చుట్టుపక్కల అలాంటి బిడ్డ పుడితే నర్సమ్మలు అక్క నంబరే ఇస్తారు. మొన్న మామిడికాయలు ట్రేలలో సర్దిస్తుంటే చాట్రాయి నుంచి ఒకతను ఫోన్ చేశాడు. స్పీకర్లో నాకూ వినబడింది.

"మాకు నాలుగో బిడ్డండి. అందుకే ఇలా పుట్టాడంటున్నారు మావాళ్ళు."

"అది తర్వాత మాట్లాడుకుందాం. పాలు తాగుతున్నాడా?" అంది అక్క.