ముగ్గుపిండిలో చక్రాల జాడ

మా లెక్కల మేడమ్ ఇక లేరు. మొన్న పొద్దున జూలూరుపాడు నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసి "మేడమ్ పోయిందే" అంది.

మా బడిలో రోబోల పోటీకి ఆడపిల్లల జట్టు కట్టింది ఆవిడే. ప్రాక్టీసుకు ఆటగీతలున్న మ్యాట్ కొనే స్తోమత లేక వరండాలో ముగ్గుపిండితో గీతలు గీసేవారు. ఎవరి రోబో బండి తమ బుట్టలో ఎక్కువ బంతులు వేస్తే వాళ్లదే గెలుపు. మా బండేమో ఎడ్లబండికన్నా నిదానం. అందుకే అవతలి జట్టు బుట్ట ముందు, వాళ్ల బండికి అడ్డం నిలబెట్టమనేవారు. రిమోట్ పట్టుకున్న నాకు ఒళ్లు మండిపోయేది.

"గిట్ల అడ్డం పడి గెలిస్తే ఏం మజా మేడమ్?"

"మజా తర్వాత. వాళ్లు మూడేసేలోపు మనం ఒకటేస్తం. ఆపిన బంతి కూడా మనదే అనుకో."

ఆట అయ్యాక వంగి, పిండిలో చక్రాల జాడలు చూసేవారు. అవి అవతలి బుట్ట ముందు లేకపోతే "ఏందే, షికారుకు పోయినవా?" అని ఒక మొట్టికాయ.

ఖమ్మంలో జిల్లా ఫైనల్. గెలిస్తే హైదరాబాద్. మాలో ఒక్కరూ అప్పటికి ఆ ఊరు చూడలేదు. ఆఖరి క్షణాల్లో స్కోరు సమానం. అలాగే ముగిస్తే, ముందు మ్యాచుల్లో ఎక్కువ బంతులు వేసిన అవతలి జట్టుకే అవకాశం. నేను అలవాటుగా అడ్డమే నిలబెట్టాను. ఎన్నడూ గొంతు పెంచని మనిషి వెనక నుంచి కేకేశారు.

"ఆపింది చాలు! ఇగ పో, బంతెయ్యి!"

వాళ్ల బండి తేరుకునేలోపు వేసేశాను. మేడమ్ మా అందరికన్నా ఎక్కువ ఏడ్చారు.

పోయినేడు ఆవిడకు క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్ దవాఖానాలో నెలల తరబడి మందు ఎక్కించారు. ఇంకో విడత ఎక్కిద్దామన్న డాక్టర్లు, నయమవుతుందని మాత్రం అనలేదు. మేడమ్ వద్దని ఇంటికొచ్చేసి, మళ్లీ బడికి పోసాగారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. వెళ్లి ఆవిడ ముందు ఏడ్చాను.

"రోగాన్ని ఇంకొన్నాళ్లు ఆపొచ్చు కదా మేడమ్!"

తలకు కట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుని నవ్వారు.

"ఆపింది చాలు బిడ్డా. ఇగ నాలుగు బంతులెయ్యనియ్యి."

నిన్న అంత్యక్రియలయ్యాక బడికి వెళ్లాను. వరండాలో ఆవిడ చివరిసారి గీసిన గీతలు అలాగే ఉన్నాయి. పిల్లలు ఊడ్వనివ్వలేదట. తెల్లటి పిండిలో ఒక చక్రాల జాడ అవతలి బుట్ట ముందు నుంచి మళ్లి, నడిమి గీత దాటి, ఎక్కడా ఆగకుండా మా బుట్ట దాకా పోయింది.